యాప చెట్టు వెంట ఐదేళ్ళు తిరిగాను, ఇప్పుడేం చేయాలి?

నల్లకుంట నుంచి ఓ అమ్మాయి పదకొండు పేజీల ఉత్తరం రాసింది. పేరు, ఊరు, పనిచేసే చోటు ఏవీ వేయొద్దని కోరింది. మొత్తం వేయడానికి చోటు లేదు గనుక సంగతి నా మాటల్లో చెబుతాను.

ఆమెకు 29 ఏళ్ళు. నల్గొండ జిల్లాలో ఒక పత్తి రైతు పెద్ద కూతురు. ఎమ్మెస్సీ చేసి, నెట్ పాసై, ఫెలోషిప్‌తో 2021 జూలైలో హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి చేరింది. టాపిక్ వేప చెట్టు. వేప గింజలో అజాడిరాక్టిన్ అనే పదార్థం ఉంటుంది. పురుగుల మీద వేప నూనెకు ఉన్న బలం చాలావరకు దానిదే. చెట్టు దాన్ని ఒక్క దెబ్బలో తయారు చేయదు. ఒక ఎంజైము మార్చి ఇచ్చినదాన్ని ఇంకో ఎంజైము అందుకుని ఇంకాస్త మారుస్తుంది, అలా చాలా చేతులు మారాలి. ఆ ఎంజైముల జీన్లు ఏవో పట్టుకోవడం ఆమె పని.

చేరిన ఏడాదే వానాకాలంలో తెలంగాణ అంతటా వేప చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఊరూరా జనం భయపడ్డారు. అప్పుడు ఈమె ఘట్‌కేసర్ నుంచి మేడ్చల్ దాకా పదమూడు చెట్లు ఎంచుకుని నంబర్లు వేసింది. పద్నాలుగోది సొంత ఊళ్ళో, నాన్న చేను గట్టు మీద చెట్టు. ప్రతి ఏడూ లేత ఆకులు, ఎండిన కొమ్మకు కింద మిగిలిన ఆకులు, జూన్‌లో కాయలు కోసి, లిక్విడ్ నైట్రోజన్‌లో వేసి, మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచింది. ఊరికి వెళ్ళినప్పుడు నైట్రోజన్ క్యాన్‌ని ఒళ్ళో పెట్టుకుని నాన్న బైక్ వెనక కూర్చునేదాన్నని రాసింది.

2023 జనవరిలో దెబ్బ పడింది. అమెరికా, ఇంగ్లాండ్ ల్యాబులు కలిసి వేసిన ఒక పెద్ద పేపర్ వచ్చింది. ఈమె ఏడాదిన్నరగా వెతుకుతున్న జీన్లలో చాలావరకు అందులో ఉన్నాయి. ల్యాబ్ భాషలో చెప్పాలంటే స్కూప్ అయిపోయింది, అంటే ఈమె కంటే ముందే వేరేవాళ్ళు వేసేసుకున్నారు. గైడ్ ఆసక్తి ఇంకో విద్యార్థి ప్రాజెక్టు మీదికి మళ్ళింది. ఈమె సొంతంగా ముందుకెళ్ళి, ఆ పేపర్ ఆగిన మెట్టు తర్వాత పనిచేస్తుందేమో అనిపించిన ఒక జీన్‌ను పట్టుకుంది. దాన్ని పరీక్షించే ప్రయోగం ఐదుసార్లు చేసింది. 2025 ఏప్రిల్, మే, జూన్‌లలో ఏమీ రాలేదు. డిసెంబర్‌లో, ఈ జనవరిలో మెషిన్ గ్రాఫ్‌లో అనుకున్న చోట చిన్న పీక్ వచ్చింది, అంటే కొత్త పదార్థం ఉన్నట్టు గీత కాస్త లేచింది. 'మొదటి మూడు నీ చేయి తిరగకముందువి, వదిలెయ్. రెండు వచ్చాయి కదా, అవి పెట్టి పేపర్ రాసెయ్' అన్నారట గైడ్. ఈమెకు మనసు ఒప్పడం లేదు. కానీ పేపర్ లేకపోతే థీసిస్ తీసుకోరు.

ఫెలోషిప్ జూలైతో అయిపోతుంది. ఇప్పుడు నెలకు 42 వేలు, పైన హెచ్‌ఆర్‌ఏ. అందులో 12 వేలు ఇంటికి పంపుతుంది. జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీ, పదార్థాలను విడదీసి వాటి బరువు చెప్పే ఎల్సీఎంఎస్ మెషిన్ మీద పనికి ఏడాదికి ఆరున్నర లక్షలు ఇస్తానంది, జూన్ 1న చేరాలి. చెల్లికి సంబంధం వచ్చింది. 'నువ్వు తేలితేగాని వాళ్ళకు మాట ఇయ్యలేం బిడ్డా, గా చెట్ల ఎంబడి ఇంకెన్నేండ్లు తిరుగుతవ్?' అంటుంది అమ్మ. నాటువైద్యం చేసే మేనమామ, 'యాప సంగతి మన తాతలకు తెల్వదా? తెల్లోళ్ళ చేతుల పెడుతున్నవ్' అని ప్రతి పండక్కీ అంటాడు. నాన్న మాత్రం ఏమీ అనడు. ఆయన మౌనమే ఎక్కువ బాధగా ఉందట. 'మేడం, నాకు నిద్ర పట్టడం లేదు. ఏదో ఒకటి చెప్పండి, చేసేస్తాను' అని ముగించింది.

అమ్మా,

మీ వయసు పిల్లల్ని నువ్వు అనడమే అలవాటు నాకు, ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పాను. అయినా ఇక్కడ మీరు అనే రాస్తాను. నేను చెప్పిన పని మీరు చేసేయడం నాకు ఇష్టం లేదు. మీ చేతిలో ఏమేం ఉన్నాయో, ఏది పట్టుకుంటే ఏది జారుతుందో మాత్రం చెబుతాను.

మీరు ఉద్యోగం గురించి నాలుగు పేజీలు రాశారు, అమ్మ మాటల గురించి రెండు. ప్రయోగం ఐదుసార్లు ఏమైందో ఒక్క పేరాలో, నెలల పేర్లతో సహా, తప్పు ఒప్పుకుంటున్నట్టు చిన్న అక్షరాలతో రాశారు. నేను ఆ పేరా దగ్గరే ఆగిపోయాను. ఏప్రిల్, మే, జూన్‌లలో రాలేదు. డిసెంబర్, జనవరిలో వచ్చింది. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు ఆ నెలలు చూడగానే ఏదో తట్టాలి కదా.

పాఠకుల కోసం ఒక మాట. వేప చెట్టులో ఒక జీన్‌ను తీసేసి ఏం జరుగుతుందో చూద్దామంటే కుదరదు, చెట్టుతో అలాంటి పనులకు ఏళ్ళు పడతాయి. అందుకని ఆ జీన్‌ను, దాని ముందు మెట్ల జీన్లతో పాటు, ఆగ్రోబాక్టీరియం అనే మట్టి సూక్ష్మజీవిలో పెట్టి, పొగాకుకు దగ్గరి చుట్టమైన ఒక చిన్న మొక్క ఆకు కింది నుంచి సూది లేని సిరంజితో ఎక్కిస్తారు. నాలుగైదు రోజులకు ఆ పరాయి ఆకు వేప ఎంజైమును తయారు చేస్తుంది. ఆకు నూరి మెషిన్‌లో పెడితే కొత్త పదార్థం ఏదైనా వచ్చిందా తెలుస్తుంది. ఈ అమ్మాయి ఎదురుచూసింది 16 బరువు పెరిగిన పీక్ కోసం, అంటే ఒక ఆక్సిజన్ అతుక్కున్నట్టు.

ఈ పని రోజూ చేసే నా పాత విద్యార్థిని ఒకామెకు ఫోన్ చేసి మీ ఐదు నెలలూ చదివి వినిపించాను. ఆమె మొదటి ప్రశ్న, 'గ్రోత్ రూమ్‌లో ఏసీ ఎలా ఉంది మేడం?' ఆగ్రోబాక్టీరియం తన జీన్లను మొక్కలోకి పంపే పని 28 డిగ్రీలు దాటితే మందగిస్తుంది. మేలో కరెంటు పోయి, జనరేటర్ ఫ్రీజర్లకు మాత్రమే ఇచ్చి, గ్రోత్ రూమ్ ముప్పై దాటి మూడు గంటలు ఉడికినా ఎవరూ పట్టించుకోరు. మీ దగ్గర అలాగే జరిగిందని నేను అనడం లేదు. గోడకు ఉష్ణోగ్రత రాసే పుస్తకం వేలాడుతుంటుంది కదా, ముందు దాన్ని తిరగేయండి. ఆ మూడు తేదీల్లో అంకెలు 30, 31 అని కనిపిస్తే మీ గైడ్ మాటా తప్పే, మీ భయమూ తప్పే. చేయి తిరగకపోవడం వల్ల కాదు, ఎండ వల్ల పోయిందన్నమాట.

కనిపించకపోతే? అప్పుడు ఇంకో అనుమానం ఉంది, ఇది మీకు నచ్చదు. ఆ పొగాకు చుట్టం ఊరికే కూర్చునే మొక్క కాదు. పరాయి పదార్థం లోపలికి వస్తే తన సొంత ఎంజైములతో దానికి ఒక ఆక్సిజన్నో, ఒక చక్కెరనో తగిలిస్తుంది. కాబట్టి 16 పెరిగిన పీక్ మీ జీన్ వల్ల వచ్చిందో, ఆకు సొంత తెలివి వల్ల వచ్చిందో విడదీసి చూపించాలి. మీ జీన్ తప్ప మిగతావన్నీ ఎక్కించిన ఆకులు డిసెంబర్‌లో, జనవరిలో పక్కన పెట్టారా? ఉత్తరంలో లేదు. పెట్టి ఉంటే ఆ ఆకుల డేటా మళ్ళీ తెరవండి. పెట్టకపోతే ఆ రెండూ ఇంకా ఫలితాలు కావు, మీ గైడ్ అన్నా, నేనన్నా.

అందుకని ఆరోసారి చేయడానికి మీకు మంచి కారణం ఉంది. రెండు ట్రేలు పెట్టండి. ఒకటి 22, 23 డిగ్రీల్లో, ఇంకోటి కావాలనే 30లో. రెండింటిలోనూ ఖాళీ కంట్రోల్, అంటే మీ జీన్ ఎక్కించని ఆకులు, ఉండాలి. మొక్కల వయసు ఒకటే ఉండాలి. బాక్టీరియా పాత ప్లేట్ నుంచి కాకుండా ఫ్రీజర్ స్టాక్ నుంచి కొత్తగా పెంచండి, లోపల జీన్ సీక్వెన్స్ మారిపోలేదని ఒకసారి చూసుకోండి. మొత్తం మూడు నాలుగు వారాల పని. చల్లటి ట్రేలో వచ్చి, వేడి ట్రేలో రాకపోతే, మీరు దాచాలనుకున్న మూడు వైఫల్యాలే మీ పేపర్‌లో ఒక బొమ్మ అవుతాయి. ఎందులోనూ రాకపోతే, జూన్‌లో తెలియాల్సిన చేదు సంగతి ఏప్రిల్‌లోనే తెలుస్తుంది. దానికీ విలువ ఉంది.

గైడ్ అన్న మాట గురించి. ఐదుసార్లు చేసి రెండుసార్లు వచ్చిందని రాయడం తప్పు కాదు. రెండుసార్లు చేసి రెండుసార్లూ వచ్చిందని రాయడం తప్పు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీ గైడ్‌కు తెలియదనుకోను. ఆయన మీ జూలై చూసి కంగారు పడి ఉండవచ్చు. మనుషులు కంగారులో అనే మాటల్ని సిద్ధాంతాలుగా తీసుకోకండి. అయితే ఆ మాట ప్రకారం పేపర్ రాస్తే దాని మీద మొదటి పేరు మీది. ఇదే జీన్‌ను రేపు ఇంగ్లాండ్‌లో ఎవరో ఎక్కించి చూస్తారు, ఈ రంగంలో అది ఖాయం. వాళ్ళకు రాకపోతే ఉత్తరం మీ పేరు మీదే వస్తుంది. అప్పటికి గైడ్ రిటైరై ఉండవచ్చు.

ఆయనతో ఎలా మాట్లాడాలని అడిగారు. 'సర్, నాకు మనసు ఒప్పడం లేదు' అని మొదలుపెట్టకండి, అది ఆయన నీతి మీద ప్రశ్నలా వినిపిస్తుంది. ఒక్క కాగితం మీద ఐదు వరుసలు గీయండి: తేదీ, గది ఉష్ణోగ్రత, కంట్రోల్ ఉందా లేదా, పీక్ ఉందా లేదా. దాన్ని బల్ల మీద పెట్టి, 'సర్, వేసవిలో పోతోంది, చలికాలంలో వస్తోంది, ఒకసారి రెండు ట్రేలు పెట్టి చూద్దామా?' అనండి. సైంటిస్టుకు పజిల్ ఇస్తే కోపం మర్చిపోతాడు. అప్పటికీ 'అవన్నీ వద్దు' అంటే మీకు ఇంకో దారి ఉంది. ఆరు నెలలకోసారి మీ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి కదా, అక్కడ ఐదు వరుసల కాగితం యథాతథంగా చూపించండి. కమిటీ రికార్డులోకి ఎక్కిన మూడు వైఫల్యాలను తర్వాత ఎవరూ మాయం చేయలేరు. కానీ ఇది చేస్తే గైడ్ మొహం కొన్నాళ్ళు ముడుచుకునే ఉంటుంది, ఆయన ఇచ్చే రికమెండేషన్ లెటర్‌లో వేడి తగ్గవచ్చు. ఆ ఖర్చు తెలిసి చేయండి.

ఇక ఆ 2023 పేపర్. దాన్ని మీరు ఎన్నిసార్లు చదివారో గానీ, దాని మీద మీకున్న భయం మాత్రం ఆ పేపర్ కంటే పెద్దగా కనిపిస్తోంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు, ఇంగ్లాండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్ళు కలిసి చేశారు. వాళ్ళే 2019లో మొదటి మూడు ఎంజైములు చెప్పారు, 2023లో 22 ఎంజైములు చెప్పారు. గొప్ప పని, సందేహం లేదు. వాళ్ళు వాడిన చెట్లేవి? తురక వేప, నిమ్మజాతి. (నిమ్మ గింజ కొరికితే వచ్చే చేదు కూడా ఈ కుటుంబానిదే, వీటిని లిమనాయిడ్లు అంటారు.) ఎక్కడ ఆగారు? అజాడిరోన్ దగ్గర. పేరులో దగ్గరగా వినిపించినా, అజాడిరోన్ నుంచి అజాడిరాక్టిన్‌కు ఇంకా చాలా దూరం. మీరు పట్టుకున్న జీన్ ఆ మిగిలిన దూరంలో ఉంది. అంటే వాళ్ళు రోడ్డు వేసి ఇచ్చారు. వాళ్ళ జీన్లు లేకపోతే మీ ప్రయోగంలో ఆకు దేన్ని మార్చాలి చెప్పండి?

ఆ అణువు ఎంత మొండిదో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, మీ ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి పనికొస్తుంది. అజాడిరాక్టిన్‌ను 1968లో వేరు చేశారు. దాని ఆకారం సరిగ్గా తేలడానికి 1980లు సగం దాటాయి. కేంబ్రిడ్జ్‌లో స్టీవెన్ లే బృందం దాన్ని కృత్రిమంగా కట్టడానికి 22 ఏళ్ళు పట్టింది, 2007లో పూర్తి చేశారు. మన గట్టు మీద చెట్టు ఏటా మే, జూన్‌లలో ఆ పని చేసి నేల మీద రాల్చేస్తోంది. మీరు వెతుకుతున్నది ఆ పనితనాన్నే. అయితే మీకు 22 ఏళ్ళు లేవు, ఆ సంగతి మర్చిపోయి మాట్లాడితే నా సలహా ఎందుకూ పనికిరాదు.

కాబట్టి ఫ్రీజర్ సంగతికి వస్తాను. ఉత్తరం మొత్తంలో మీరు అన్నిటికంటే తక్కువ చేసి మాట్లాడింది దాని గురించే. పద్నాలుగు చెట్లు, ఒక్కో చెట్టుకు ఐదేళ్ళ ఆకులు, నాలుగేళ్ళ కాయలు. అందులో కొన్ని 2021లో ఎండి మళ్ళీ చిగిర్చినవి. ఆ ఎండు తెగులుకు ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం కారణమని, టీ దోమ నల్లి కూడా తోడైందని శాస్త్రవేత్తలు అప్పట్లో చెప్పారు. శిలీంధ్రం దాడి చేస్తున్నప్పుడు చెట్టు తన చేదును పెంచిందా, తగ్గించిందా? కోలుకున్నాక ఆ జీన్లు మళ్ళీ ఎలా మెలిగాయి? ఈ ప్రశ్నకు స్టాన్‌ఫర్డ్‌లో జవాబు దొరకదు, వాళ్ళ ఊళ్ళో మన చెట్లు ఎండలేదు. వేప పరపరాగ సంపర్కం చేసుకునే జాతి, ఏ రెండు చెట్లూ ఒకటి కావు, అందుకని పద్నాలుగు చెట్లంటే చాలా తక్కువ అని పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్ అంటాడు. నిజమే. కానీ మీరు ఒక చెట్టును ఇంకో చెట్టుతో పోల్చనక్కర్లేదు. అదే చెట్టును దాని పోయినేడుతో పోల్చండి. మీరు ఏటా అవే చెట్ల దగ్గరికి వెళ్ళడం వల్ల కలిగిన లాభం అది.

వెంటనే సంతోషపడకండి. ఫ్రీజర్‌లో ఉన్నంత మాత్రాన, ఏ జీన్ ఎంత పనిచేసిందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ బతికి ఉన్నట్టు కాదు. వేప ఆకులో ఉండే జిగురు, వగరు పదార్థాలతో ఆర్‌ఎన్‌ఏ తీయడం మామూలుగానే నరకం, గోధుమ రంగు ముద్ద మిగులుతుంది. మధ్యలో ఒకసారి ఫ్రీజర్ కరిగి ఉంటే అదీ ఉండదు. ఈ వారమే ప్రతి ఏడాది నుంచి రెండేసి ట్యూబులు తీసి క్వాలిటీ చూడండి. బాగుంటే మీ థీసిస్‌లో రెండు అధ్యాయాలు ఫ్రీజర్‌లోనే ఉన్నట్టు. పాడైతే ఆకుల్లో, కాయల్లో ఆ చేదు పదార్థాలు ఎంతున్నాయో కొలిచే పని మాత్రం మిగులుతుంది, ఆరబెట్టిన ఆకులు విడిగా దాచి ఉంటే. అది చిన్న పేపరే గానీ నిజమైన పేపర్.

పేపర్ తప్పనిసరి అన్నారు. 2022 నవంబర్‌లో యూజీసీ నిబంధనలు మారి ఆ షరతు పోయిందని మీ స్నేహితురాలు చెప్పిందట. మారిన మాట నిజమే. కానీ అంతకుముందు రిజిస్టరైన వాళ్ళకు పాత 2016 నిబంధనలే నడుస్తాయి. వాటి ప్రకారం థీసిస్ ఇచ్చేముందు ఒక పేపర్, రెండు సెమినార్లు కావాలి. గడువు ఆరేళ్ళు, ఆడవాళ్ళకు ఇంకో రెండేళ్ళు సడలింపు. సంస్థలో చేరిన తేదీ వేరు, యూనివర్సిటీలో రిజిస్టరైన తేదీ వేరు. చాలామంది పిల్లలు ఈ రెండింటినీ కలిపేసి లెక్క వేసుకుంటారు. మీ రిజిస్ట్రేషన్ కాగితం తీసి తేదీ చూడండి. జూలైలో ఆగేది ఫెలోషిప్ డబ్బు, పీహెచ్‌డీ కాదు. మీ ఉత్తరంలో ఈ రెండూ ఒకటైపోయాయి.

ఉద్యోగం. అది చెడ్డది కాదు, ఆ మెషిన్ మీద మీకున్న పట్టును చూసే ఇస్తున్నారు. పీహెచ్‌డీ వదిలేసి జూన్‌లో చేరితే ఇంటికి డబ్బు ఆగదు, మీకు నిద్ర పడుతుంది. నిద్రను నేను తక్కువ చేయను. పోయేది ఏమిటంటే, ఈ రంగంలో పీహెచ్‌డీ ఉన్నవాళ్ళను పై గ్రేడులో తీసుకోవడం మామూలు. ఐదేళ్ళ తర్వాత మీకంటే చిన్నవాళ్ళు మీ పై కుర్చీలోకి రావచ్చు. అది మిమ్మల్ని కోస్తుందో లేదో మీకే తెలియాలి. కొందరికి అసలు పట్టదు.

ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు థీసిస్ రాస్తానని ఒక చోట రాశారు. దీని గురించి కాస్త కఠినంగా మాట్లాడతాను, ఎందుకంటే ఈ మాట నమ్మి ఆగిపోయిన వాళ్ళను చాలామందిని చూశాను. జీనోమ్ వ్యాలీ ఉన్న తుర్కపల్లిలో డ్యూటీ దిగి, కంపెనీ బస్సులో నల్లకుంట చేరేసరికి రాత్రి ఎనిమిది. ఆ వేళకు మీరు రాయగలరు, ప్రయోగం చేయలేరు. కాబట్టి ల్యాబ్ పని అంతా అయిపోయి, రాత మాత్రమే మిగిలితేనే ఈ దారి నడుస్తుంది. పైగా యూనివర్సిటీ అనుమతి, గైడ్ సంతకం ముందే కాగితం మీద ఉండాలి. నోటి మాట చాలదు.

జూలై తర్వాత డబ్బు లేకుండా ల్యాబ్‌లో ఉండడం ఇంకో దారి. ఏదైనా ప్రాజెక్టులో స్టాఫ్‌గా పెట్టుకోగలరా అని గైడ్‌ని అడగవచ్చు, దొరకవచ్చు, దొరకకపోవచ్చు. దొరక్కపోతే ఎన్ని నెలలు నడుస్తుందో లెక్క వేసి, ఆ నెల దాటను అని ముందే నాన్నగారికి చెప్పండి. గడువు లేకుండా కూర్చుంటే మాత్రం మీ అమ్మగారు అడిగేది న్యాయమే అవుతుంది.

మీరు అసలు అడగని ఒక ప్రశ్న ఉంది. కంపెనీని 'ఆగస్టులో చేరవచ్చా?' అని అడిగారా? పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. కాదంటే ఇప్పుడున్న చోటే ఉంటారు. సరే అంటే మీ చేతికి రెండు నెలలు వస్తాయి. ఆరో ప్రయోగం, ఫ్రీజర్ ట్యూబులు, ఈ ఏటి కాయలు, అన్నీ ఆ రెండు నెలల్లో పడతాయి. నేనైతే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఆ మెయిల్ పంపుతాను. చూశారా, సలహా ఇవ్వనంటూనే ఇచ్చేశాను.

మేనమామగారి మాట కొట్టిపారేయకండి. వేప నూనెతో మొక్కల మీద శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతి మీద 1994లో యూరప్‌లో ఒక అమెరికన్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి పేటెంట్ ఇచ్చారు. మన రైతులకు ఇది ముందే తెలుసని పోరాడితే 2000లో రద్దయింది, అప్పీలు కూడా 2005లో కొట్టేశారు. ఆయన కోపం అక్కడి నుంచి వచ్చింది. మీరు చేస్తున్నది అది కాదని చెప్పడానికి వాదన అక్కర్లేదు. మన చెట్టులో ఏముందో మనవాళ్ళు రాసిపెడితేనే కదా రేపు ఎవరైనా కొత్తగా కనిపెట్టామంటే చూపించగలం. ఆయనకు తెలిసిన చెట్లలో చేదు ఎక్కువున్నవి ఏవో అడగండి. ఆయన వేలు పెట్టి చూపించిన చెట్టు కాయ మెషిన్‌లో ఏమంటుందో చూడాలని నాకే కుతూహలంగా ఉంది. ఒక జాగ్రత్త మాత్రం. ఆ విదేశీ ల్యాబ్‌కు మెయిల్ రాయాలనుకుంటున్నారు, రాయండి. ఆకులు, గింజలు మాత్రం పోస్టులో పంపకండి. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం దానికి చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి కావాలి.

చెల్లి పెళ్ళి గురించి ఎక్కువ చెప్పను. ఆ ముడి మీరు వేసింది కాదు. చెల్లిని విడిగా కూర్చోబెట్టి ఆమెకేం కావాలో అడగండి. అక్క ముందు అయితేనే అన్న నియమం ఇంట్లో ఎవరికి నిజంగా ముఖ్యమో అప్పుడు తెలుస్తుంది.

నాన్న మౌనం గురించి మాత్రం ఒక మాట. ఆయన పత్తి మీద వేప నూనె కొట్టే ఉంటారు. ఆ డబ్బా మీద 300, 1500, 10000 పీపీఎం అని రాసి ఉంటుంది. 1500 అంటే పది లక్షల భాగాల్లో 1500 భాగాలు. ఏది అన్ని భాగాలు? అజాడిరాక్టిన్. ఆయన డబ్బులు పెట్టి కొంటున్నది ఆ అంకెను. ఐదేళ్ళలో ఈ సంగతి ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? జీన్లు, ఎంజైములు అని చెప్పి ఉంటారు, ఆయన తల ఊపి ఊరుకుని ఉంటారు. మీరు ఉత్తరంలో రాశారు, 2021లో గట్టు మీద చెట్టు ఎండినప్పుడు ఆయన కొట్టేయకుండా, 'బిడ్డ నంబర్ ఏసింది' అని ఆగారని. అంత చేసిన మనిషి మీ పని మీద నమ్మకం లేక ఊరుకున్నారని మీరెలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. డబ్బా తీసుకుని పక్కన కూర్చోండి, ఆ అంకె చెట్టులో ఎలా తయారవుతుందో చెప్పండి. ఉద్యోగమా, ఇంకో ఏడాదా అన్నది కూడా ఆ కూర్చున్నప్పుడే అడగండి, అమ్మ ముందు కాకుండా.

ఉగాది వెళ్ళిపోయింది, పూత రాలి పిందెలు పడే రోజులు. ఊళ్ళో పద్నాలుగో నంబర్ చెట్టు ఈసారి బాగా పూసిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పూసి ఉంటే జూన్ రెండో వారానికి నైట్రోజన్ క్యాన్ ఇప్పుడే మీ పేరు మీద రాయించుకోండి, ఆ నెలలో ల్యాబ్‌లో అందరికీ అదే కావాలి. ఉద్యోగంలో చేరినా సరే, అది ఒక్క ఆదివారం పని.